రెండు చేతులకీ గ్లౌజులు

ఒక మనిషిని చూసి వాడి విలువ కట్టడం ఎంత తిప్పలో తెలియాలంటే ఏప్రిల్ ఆఖరి గురువారం సాయంత్రం జెలినెక్ బార్‌లో కూచోవాలి. నేను పాతికేళ్ళుగా కూచుంటున్నాను. అంతకు ముందు చాలా ఊళ్ళు తిరిగాను. సుడి బాగాలేదని బంగారంలాంటి ఎద్దుని వదులుకున్న రైతుని చూశాను. గుర్రం నోరు తెరిచి పళ్ళు తడిమే దళారుల్ని చూశాను. ఒక రేవులో కాఫీని చెంచాడు జుర్రి, పుక్కిట పట్టి, ఉమ్మేసి, ఏ కొండ మీద కాసిన గింజో చెప్పే పెద్దమనిషి దగ్గర వారం రోజులు కూచున్నాను. గుర్రాల లక్షణాల మీద పాత గ్రంథాలు కూడా తిరగేశాను. వీటన్నిటి వల్లా నాకు తెలిసిందొకటే: విలువ కట్టేవాడికి సరుకు మీదకంటే తన కంటి మీద మమకారం ఎక్కువ.

ఆర్డిస్ డెల్వో కన్ను అలాంటిదే. ఆవిడకి డెబ్బై మూడేళ్ళు. మా ఊరి చీజ్ ఫ్యాక్టరీలో ముప్ఫై నాలుగేళ్ళు గ్రేడరుగా చేసింది. ఆ పని చెప్పుకోవడానికి చిన్నది. చలి గదిలో అరల నిండా చక్రాల్లాగా చీజ్ దిమ్మలుంటాయి. గ్రేడరు ఒక బోలు కడ్డీ పట్టుకుని వెళుతుంది. బియ్యం బస్తాలో గుచ్చి నాలుగు గింజలు లాగుతారే, అలాంటిది. దిమ్మలో గుచ్చి, తిప్పి, సన్నటి ఊచలాంటి ముక్క లాగి, వాసన చూసి, వేళ్ళ మధ్య నలిపి, కొస కొరికి, మిగతా ముక్కని మళ్ళీ ఆ కన్నంలోనే పెట్టి మూసేస్తుంది. తర్వాత పలక మీద ఒక అక్షరం రాస్తుంది. పై రకం మూడేళ్ళు మగ్గడానికి వెళుతుంది. కింది రకాన్ని కరిగించి, హోటళ్ళవాళ్ళకి పలచటి రేకుల కింద అమ్మేస్తారు. దాన్ని ఆర్డిస్ ‘కరిగింపు’ అంటుంది. మనుషుల్ని కూడా అలాగే అంటుంది. ఆవిడ చిన్నాన్న కొడుకు మూడో పెళ్ళి చేసుకుంటున్నాడని శుభలేఖ వస్తే, వెనక్కి తిప్పి కరిగింపు అని రాసి గోడకి గుచ్చింది.

మా ఊళ్ళో చర్చిలు రెండు, బార్లు పదకొండు, ఫుట్‌బాల్ స్టేడియం ఒకటి. కాలితో తన్నే ఆట కాదు, బంతిని చేత్తో విసిరే అమెరికా ఫుట్‌బాల్. జట్టు పేరు ఐస్‌కటర్స్. తాతల కాలంలో శీతాకాలమంతా సరస్సు మీద మంచు కోసి బళ్ళకెత్తేవాళ్ళు, ఆ పేరే జట్టుకి నిలిచింది. స్టేడియంలో సీటంటే పొలం కంటే గట్టి ఆస్తి, వీలునామాల్లో రాస్తారు. ఆర్డిస్ తండ్రి ఫెర్డినాండ్ డెల్వో ఇద్దరు బిడ్డలకీ కలిపి ఒక్క సీటు రాసి పోయాడు. ఉత్తరం వైపు, నలభై ఒకటో వరస, ఏడో నంబరు. ఒక ఆట ఆర్డిస్‌ది, తర్వాతి ఆట తమ్ముడు నార్బర్ట్‌ది. ఏడాది విడిచి ఏడాది సొంతూళ్ళో తొమ్మిదో ఆట పడుతుంది, దానికి నాణెం ఎగరేస్తారు. టికెట్లు ఫోన్లలోకి వచ్చేసినా సీటు చేతులు మారినట్టు గుర్తు మాత్రం ఒక దిండే. ఇనప బెంచీ చలికి ఓర్చుకోలేక ఫెర్డినాండ్ గోనెగుడ్డతో కుట్టించుకున్న దిండు అది. ఎవరి వంతైతే వాళ్ళింట్లో ఉంటుంది.

నార్బర్ట్ ముప్ఫై ఏళ్ళు పాల లారీ తోలాడు. తెల్లారకముందే పాడి రైతుల గుమ్మాల్లోకి వెళ్ళి, కోపంగా ఉన్న కుక్కలతో కూడా మంచిగా మాట్లాడి వచ్చే మనిషి. అక్క ఎవరినీ మెచ్చదు, తమ్ముడు ఎవరినీ తిట్టడు. ఒక తల్లి కడుపున పుట్టినవాళ్ళేనా అని రోజ్‌మేరీ జెలినెక్ ఎప్పుడూ ఆశ్చర్యపోతుంది. బార్ ఆవిడదే.

ఇక గురువారం సంగతి. ప్రతి వసంతంలోనూ దేశంలోని జట్లన్నీ కాలేజీ కుర్రాళ్ళని వంతులవారీగా ఎంచుకుంటాయి. కిందటేడు బాగా ఓడినవాళ్ళు ముందు ఎంచుకోవాలి. మా జట్టు చాలాసార్లు ముందే ఎంచుకుంది. మర్నాటి పత్రికలు ఫలానావాడు వజ్రం, ఫలానావాడు గులకరాయి అని మార్కులు వేసేస్తాయి. జెలినెక్ బార్‌లో ఆ తొందర కుదరదు. ఇక్కడ ప్రతివాడూ కొత్త కుర్రాళ్ళకి అట్టముక్క మీద మార్కు రాసి, కారణం ఒక్క వాక్యంలో రాసి, సంతకం పెడతాడు. అట్టల్ని పాత పాలక్యానులో వేసి మూతకి చీజ్ ఫ్యాక్టరీ ఎర్ర మైనం పోసి అటక ఎక్కిస్తారు. మూడేళ్ళ తర్వాత అదే గురువారం దింపి, అందరి ముందూ చదువుతారు. మూడేళ్ళు మగ్గనిదే చెడ్డరు చీజ్ సంగతి కూడా తెలియదు, మనిషి సంగతి ఏం తెలుస్తుందని ఈ పద్ధతి మొదలుపెట్టింది ఆర్డిసే. పదకొండేళ్ళు వరసగా ఆవిడ మార్కులే నిజానికి దగ్గరగా తేలాయి. పాత కారు కొనాలన్నా, అల్లుణ్ణి తెచ్చుకోవాలన్నా జనం ముందుగా ఆర్డిస్‌ని తీసుకెళ్ళి చూపించేవాళ్ళు. నార్బర్ట్ అట్టని మాత్రం చదవకముందే నవ్వేవాళ్ళు. అతను పుట్టి బుద్ధెరిగాక ‘ఏ’ తప్ప ఇంకో మార్కు వేయలేదు.

మూడేళ్ళ కిందట మా వాళ్ళు మైకా స్టాలింగ్స్ అనే క్వార్టర్‌బ్యాక్‌ని ఎంచుకున్నారు. క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి విసిరేవాడు. జట్టు అనే పడవకి చుక్కాని వాడి చేతిలో ఉంటుంది, పడవ మునిగితే తిట్లూ వాడికే. ఇరవై రెండేళ్ళ కుర్రాడు. దక్షిణాది ఎండలో పుట్టి పెరిగినవాడు. టీవీలో అతని ముఖం కనబడగానే నార్బర్ట్ చక్కటి కుర్రాడన్నాడు. ఆర్డిస్ పెదవి విరిచింది. మాటా మాటా పెరిగింది. మూడేళ్ళ తర్వాత ఈ క్యాను తెరిచే రోజుకి ఈ కుర్రాడే మన క్వార్టర్‌బ్యాక్‌గా ఉంటాడని తమ్ముడు, ఆ రోజున మనవాళ్ళు ఇతన్ని వదిలించుకోవడానికి ఇంకో క్వార్టర్‌బ్యాక్‌ని ఎంచుకుంటూ ఉంటారని అక్క. రోజ్‌మేరీ సాక్షి. పందెం ఏమిటంటే, ఓడినవాళ్ళు ఆ సీజనంతా సీటు వదిలేయాలి. దిండుతో సహా.

మా ఊళ్ళో ఇల్లు పందెం కాసినవాళ్ళున్నారు గానీ సీటు కాసినవాళ్ళు లేరు.

మొదటి ఏడు మైకా పక్కన నుంచుని చూశాడు. రెండో ఏడు దిగాడు. సెప్టెంబరులో బాగానే విసిరాడు. అక్టోబరు ఆఖరికి గాలి సరస్సు మీదినుంచి తిరిగేసరికి రెండు చేతులకీ గ్లౌజులు తొడిగాడు. ఇక చూడండి. మా ఊళ్ళో ఏడేళ్ళ పిల్ల కూడా ఉత్తి చేతుల్తో మంచు ఉండ చేస్తుంది. డిసెంబరులో పొట్టి చేతుల చొక్కాతో ఆడినవాళ్ళ ఫొటోలు బార్ల గోడల నిండా ఉంటాయి. ఉత్తరం వైపు పై వరసల వాళ్ళు మొదలుపెట్టారు. “చేతులకి మేజోళ్ళు తొడిగి పంపించిందెవర్రా, మీ అమ్మా?” అని అరిచిన గొంతు ఆర్డిస్‌దే. ఆ మాట వరస నుంచి వరసకి పాకి, వారం తిరిగేసరికి ఊరంతా అదే అంది. కుర్రాడు గ్లౌజులు తీసేశాడు. తీసేశాక ఇంకా ఘోరం. బంతి చేతిలోంచి సబ్బులాగా జారిపోయింది. ఒకే ఆదివారం మూడుసార్లు.

తర్వాత జరిగింది నాకు ఆర్డిసే చెప్పింది, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుని. ఒట్టుకి గడువు తీరింది కాబట్టి రాస్తున్నాను.

పని మానేశాక కూడా ఆర్డిస్ వారానికి రెండు రోజులు ఫ్యాక్టరీ ముందున్న దుకాణంలో గల్లా దగ్గర కూచునేది. డిసెంబరులో ఒక మంగళవారం పొద్దున్నే తలుపు తెరిచి ఇంకా దీపాలన్నీ వేయలేదు. ముఖం దాకా టోపీ లాక్కున్న పొడుగాటి కుర్రాడొకడు వచ్చి, పళ్ళ కింద కీచుమనే తాజా చీజ్ గడ్డలు ఒక సంచీ ఇమ్మన్నాడు. ముఖం చూడకుండానే ఆవిడ పోల్చుకుంది. గల్లా మీద పెట్టిన కుడి చెయ్యి చూసి. వేళ్ళ కణుపులు పగిలి నెత్తురు చారలు కట్టాయి. గోళ్ళ కింద నీలం.

“గ్లౌజులేవయ్యా?” అంది.

“మానేశానమ్మగారూ. ఇక్కడివాళ్ళకి గిట్టదు.”

“ఎవరికి గిట్టదు?”

“ముఖ్యంగా ఉత్తరం వైపు పై వరసలవాళ్ళకి” అన్నాడు కుర్రాడు. కోపంగా కాదు, వర్షం ఎటునుంచి వస్తుందో చెప్పినట్టు.

ఆర్డిస్ కొంచెంసేపు సంచీ మూతి కట్టలేకపోయింది. కిందటేడు ఏప్రిల్‌లో తను అట్ట మీద రాసింది గుర్తొచ్చింది. ఆ రాత ఎలా పుట్టిందో కూడా గుర్తొచ్చింది. కాలేజీలో మైకా ఆడిన ఆటలు ముప్ఫైకి పైన. ఆవిడ చూసింది ఒక్కటి. నవంబరులో ఉత్తరాదికి వచ్చి, సన్నటి మంచు చినుకులో ఆడినదొక్కటే చూసింది. మా ఊరివాళ్ళ నమ్మకం అది. ఎండలో ఆడిన ఆట ఆట కాదు, చలిలో ఆడిందే లెక్క. ఆ రోజు వాడు రెండు చేతులకీ గ్లౌజులు తొడిగాడు, బంతిని నేలకేసి కొట్టాడు. చాలనుకుంది. చీజ్ దిమ్మకి ఒక్కచోట గుచ్చి మార్కు వేసేసిన కొత్త గ్రేడర్ని ఆవిడే వెనకటికొకసారి పనిలోంచి పంపించేసింది. ఒక అంచున బూజు పట్టినంత మాత్రాన దిమ్మంతా పోయినట్టేనా అని అడిగి మరీ పంపింది.

వెనక గదిలోకి వెళ్ళి, చలి గది కొక్కేనికి వేలాడే తెల్లటి పలచ నూలు గ్లౌజులు నాలుగు జతలు పట్టుకొచ్చింది. మణికట్టు దగ్గర నీలం అంచు. ఫ్యాక్టరీవాళ్ళు కుట్టించేవి.

“నేను ముప్ఫై నాలుగేళ్ళు చలి గదిలో పనిచేశాను బాబూ. లోపల ఇవి, పైన రబ్బరువి. వేలు మొద్దుబారితే దానికి చీజ్ ఏమీ చెప్పదు. బంతి మాత్రం ఏం చెబుతుంది? ఇవి లోపల వేసుకుని, పైన మీ వాళ్ళిచ్చేవి వేసుకో.”

“మరి ఉత్తరం వైపు వాళ్ళు?”

“వాళ్ళ సంగతి నేను చూసుకుంటాలే.”

చూసుకుంది. ఆ ఆదివారం ఆవిడ వంతే. మైకా గ్లౌజులతో దిగగానే నలభై రెండో వరసలో ఎవడో నోరు తెరవబోయాడట. ఆర్డిస్ వెనక్కి తిరిగి, తన చేతులకున్న గ్లౌజులు వాడి ముక్కు దగ్గర ఆడించి, వాడి చేతులకున్నవి కూడా చూపించి, నువ్వు బెంచీ మీద కూచుని తొడుక్కున్నవి వాడు పరిగెత్తుతూ తొడుక్కుంటే నీకొచ్చిన నొప్పేమిటని అడిగింది. ఆ వైపు మళ్ళీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఆ రోజు గెలిచాం కూడా.

దుకాణంలోంచి బయటపడ్డ ఆ నాలుగు జతలతో తన సీటుకి తనే ఎసరు పెట్టుకున్నానని ఆవిడకి తెలుసు. నాతో చెబుతూ నవ్వింది కూడా. నవ్వుతూనే, పందెం పందెమే కదా, ఇంకా ఏడాదుంది, వాడు పాడైపోకూడదా అని ఆశ పడింది. మనిషి మనసు అంతే. గుర్రం పుస్తకాల్లో ఈ లక్షణం రాయలేదు.

మూడో ఏడు మొదట్లో నిజంగానే పాడైపోయేట్టు కనబడ్డాడు. అతని ముందు కాపలా కాయవలసినవాళ్ళు కాయలేక, పదిలో ఎనిమిది ఓడాం. చివరి ఏడింట్లో అయిదు గెలిచాం. దాంతో ఎవరికీ ఏమీ తేలలేదు. పత్రికల్లో సగం మైకాని ఉంచమన్నాయి, సగం పడమటి నుంచి వస్తున్న ఆరడుగుల అయిదంగుళాల కొత్త క్వార్టర్‌బ్యాక్‌ని తెమ్మన్నాయి. ఏప్రిల్ వచ్చేసరికి రెండో సగమే గట్టిగా అరుస్తోంది. మా వంతు పదోది.

ఆ గురువారం మధ్యాహ్నం నుంచే బార్ పెరట్లో బూయా ఉడుకుతోంది. కోడీ, ఎద్దుమాంసం, దుంపలూ, క్యాబేజీ ఒకే కొప్పెరలో పడేసి, తెడ్డుతో కలుపుతూ ఎనిమిది గంటలు కాచే పులుసు అది. నార్బర్ట్ తెడ్డు పట్టుకుని ఎవరితోనూ మాట్లాడకుండా తిప్పుతున్నాడు. ఆర్డిస్ దిండు చంకలో పెట్టుకుని వచ్చింది. ఆ ఏడాది చివరి ఆట ఆవిడది కావడంతో దిండు ఆవిడింట్లోనే ఉండిపోయింది. గెలిస్తే తిరిగి పట్టుకుపోవచ్చు, ఓడితే మళ్ళీ ఇంటికెళ్ళి తెచ్చే పని ఉండదని లెక్క. రోజ్‌మేరీ అటక మీదినుంచి క్యాను దింపించి బల్ల మీద పెట్టింది. మైనం పగలగొట్టడం మాత్రం ఎంపిక అయ్యాకే అంది.

ఏడో జట్టు, ఎనిమిదో జట్టు, తొమ్మిదో జట్టు. ఆ పొడుగాటి క్వార్టర్‌బ్యాక్ ఇంకా మిగిలే ఉన్నాడు. బయట ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. నార్బర్ట్ చేతిలో తెడ్డు అలాగే ఉంది, పులుసు కారి చెప్పుల మీద పడుతోంది. టీవీలో వేదిక మీదకి ఒకాయన చీటీ పట్టుకుని వచ్చి చదివాడు. ఐస్‌కటర్స్ ఎంచుకున్నది ఆగస్ట్ హోల్ట్‌కాంప్‌ని. మొక్కజొన్న పొలాల్లోంచి వచ్చిన మూడువందల ముప్ఫై పౌండ్ల కాపలాదారు. క్వార్టర్‌బ్యాక్ ముందు గోడలాగా నిలబడి వాణ్ణి కాచేవాడు. మైకాని ఉంచుకున్నారనడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు.

“అదీ, అలా కాయాలి” అంటూ బల్ల మీద అరచేత్తో చరిచి లేచి నుంచున్నది ఎవరనుకున్నారు? ఆర్డిస్. బార్ అంతటా లేచింది ఆవిడొక్కతే. లేచాక గుర్తొచ్చింది. చంకలో దిండు చూసుకుంది. అందరూ ఆవిణ్ణే చూస్తున్నారు, తమ్ముడు కూడా.

రోజ్‌మేరీ మైనం పగలగొట్టింది. ముందు నార్బర్ట్ అట్ట: ‘ఏ. చక్కటి కుర్రాడు.’ ఎప్పటి నవ్వే నవ్వారు. తర్వాత ఆర్డిస్ అట్ట. రోజ్‌మేరీ ఒకసారి గొంతు సవరించుకుని చదివింది: ‘ఒక ఆట చూశాను. రెండు చేతులకీ గ్లౌజులు. కరిగింపు.’

ఈసారి మొదట ఎవరూ నవ్వలేదు. పదకొండేళ్ళ తర్వాత మొదటి తప్పు అది. ఆర్డిస్ తనే అందుకుంది.

“ఒక్కచోట గుచ్చాను. అదీ బూజు పట్టిన చోట. వేరేవాళ్ళయితే ఉద్యోగం తీసేసేదాన్ని.” దిండు తమ్ముడి చేతిలో పెట్టింది. “ఇందరా, కూచో. తడవనివ్వకు, నాన్న కుట్టు విడిపోతుంది.”

అప్పుడు నవ్వారు. పక్క బార్‌లోంచి ఏమైందని చూడ్డానికొచ్చారు. నార్బర్ట్ మాత్రం దిండు అందుకుని, తెడ్డు తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు.

సెప్టెంబరు వచ్చింది. మొదటి రెండు ఇంటి ఆటలూ నార్బర్టే చూశాడు. సోమవారం పొద్దున్నే ఆర్డిస్ వంటింట్లో హాజరు. మైకా విసిరేటప్పుడు వెనక పాదం నేల మీద నిలిచిందా, జారిందా? ఆ లావాటి కుర్రాడు మొదటి అడుగు ఏ కాలితో వేస్తున్నాడు? ఎదటివాడు లోపలికి దూరితే నడుము వంచుతున్నాడా, మోకాళ్ళు వంచుతున్నాడా? నార్బర్ట్ కాఫీ తాగుతూ బాగానే ఆడారక్కా అనేవాడు. ఎలా బాగా అంటే చాలా బాగా అనేవాడు. చీజ్ బాగానే ఉందని రాసి పంపితే ఎవడు కొంటాడ్రా అని ఆవిడ అరిచేది. రెండో సోమవారం నార్బర్ట్ కాఫీ కూడా సగంలో వదిలేసి గరాజులోకి పారిపోయాడు.

అక్టోబరులో మూడో ఆట. శనివారం మధ్యాహ్నం నేను ఆర్డిస్ ఇంట్లో చీట్లాడుతున్నాను. నార్బర్ట్ తలుపు తోసుకుని వచ్చి, బల్ల మీద పేకముక్కల మధ్యలో దిండు పెట్టాడు.

“రేపు నువ్వెళ్ళు” అన్నాడు.

ఆర్డిస్ కళ్ళజోడు మీదినుంచి చూసింది. పందెం పందెమే, దానం పుచ్చుకునే వంశం కాదు మనదని చెప్పింది.

“దానం కాదక్కా. రేపు గాలి తిరుగుతుందట. గ్లౌజులు తొడుగుతాడు” అన్నాడు నార్బర్ట్. “లోపలివాటికి నీలం అంచు ఉంటుంది. కిందటేడూ అంతకు ముందేడూ టీవీలో చూశాను. ఆ ఫ్యాక్టరీకి ముప్ఫై ఏళ్ళు పాలు తోలినవాణ్ణి, ఆ అంచు నాకు తెలీదా?”

ఆర్డిస్ చేతిలో పేకముక్కలు బోర్లించింది.

“నీ పాలు పోయించి నా పేరున తూకం రాయించుకున్నట్టుంది నాకు, ఆ సీటులో కూచుంటే” అన్నాడు. “వాడు నిలబడ్డాడంటే సగం నీ వల్ల. సగం ఆటలు నీవి.”

నేను నా ముక్కలు చూసుకున్నాను. మంచి ముక్కలే, కానీ ఆ ఆట ఇక సాగదని తెలిసిపోయింది.

“అన్నీ తెలిసినవాడివి సెప్టెంబరులో ఎందుకు చెప్పలేదురా?” అంది ఆర్డిస్ చివరికి.

నార్బర్ట్ గుమ్మం వైపు ఒక అడుగు వేశాక జవాబిచ్చాడు. “పుట్టి బుద్ధెరిగాక వరసగా రెండు ఆటలు చూడలేదక్కా. ఎలా ఉంటుందో చూద్దామని.”

“ఎలా ఉంది?”

“బాగానే ఉంది” అన్నాడు, దిండు వచ్చి తగలకముందే తలుపు వేసేసుకుని.

మర్నాడు నలభై ఒకటో వరసలో ఏడో నంబరు మీద ఆర్డిస్ కూచుంది. లోపల నూలువి, పైన ఉన్నివి, రెండు చేతులకీ. సోమవారం సాయంత్రం బార్‌లో ఆ లావాటి హోల్ట్‌కాంప్ ఎడమ పాదం గురించి గంటన్నర చెప్పింది. వింటూ వింటూ నార్బర్ట్ పక్క కుర్చీలో నిద్రపోయాడు. ఇంతకీ ఆ కుర్రాడికి ఏప్రిల్‌లో అట్ట మీద ఏం మార్కు వేశావని నేను అడిగాను. అటక మీద క్యాను వైపు చూసి, మూడేళ్ళాగమంది. కొంచెం ఆగి, ఈసారి నాలుగుచోట్ల గుచ్చి చూశానని, అందులో రెండు ఎండలోనే అని, రోజ్‌మేరీకి వినబడకుండా మెల్లిగా చెప్పింది.